మోటారు సీలు గారి సముఖానికి

పంపులో నీళ్లు మోటారు షాఫ్టు (ఇరుసు) వెంబడి కారకుండా ఆపాల్సిన మహారాజశ్రీ మెకానికల్ సీలు గారికి,

చండూరు దగ్గరి బత్తాయి తోటలో, బావి గట్టు మీద, తడిసిన లుంగీతో కూర్చుని రాస్తున్నాను. పదింటికి వస్తానన్న మెకానిక్ నాలుగింటికి వచ్చాడు. అప్పటిదాకా తమరు కార్చే బొట్లు లెక్కపెట్టాను. నిమిషానికి అరవై దాటాక మానేశాను.

ఈ ఎండాకాలంలో తమరిది మూడో అవతారం. "రెండేళ్లు దీని దిక్కు చూసే పనుండదు" అని దుకాణంలో ఇచ్చిన మాట నలభై రోజులు నిలిచింది.

తమరి సున్నితం నాకు తెలియక కాదు. తిరిగే కార్బన్ ముఖం, కదలని సిరామిక్ ముఖం, మధ్యలో వెంట్రుక కన్నా పలచని నీటి పొర. అది ఆరితే మాడిపోతారు. కొత్తల్లుడైనా మంచినీళ్లు కాస్త ఆలస్యమైతే ఓర్చుకుంటాడు!

కారితే కారారు, నేల మీద కారొచ్చు కదా? షాఫ్టు వెంబడి బేరింగులోకి దూరి గ్రీజంతా కడిగేయడం ఎందుకు? నిరుడు మోటారు లోపలి రాగితీగల చుట్ట, అదే వైండింగు, కాలింది అట్లాగే. తమరి ఖరీదు వందల్లో, దాని ఖరీదు వేలల్లో.

ఈసారి మాత్రం పక్కనే కూర్చుని చూశాను. మెకానిక్ కార్బన్ ఒక్కటే కొత్తది తీశాడు. గీతలు పడ్డ పాత సిరామిక్‌ను గ్రీజు వేలితో నిమిరి, "మంచిగనే ఉన్నది గదన్నా" అని అదే బిగించబోయాడు. జతగా వచ్చేవాళ్లను విడదీసి, పాత గీతల మీద కొత్త ముఖం రుద్దితే కారక ఏం చేస్తావు? షాఫ్టు పట్టుకుని ఊపితే లటలటా ఊగుతోంది. ఆ బేరింగు ఉండగా బంగారు సీలు వేసినా కారుతుంది. మూడుసార్లు డబ్బు తీసుకున్నాడు, ఒక్కసారీ షాఫ్టు ఊపి చూడలేదు! తిట్లేమో నీకు.

రెండో అవతారం నా పాపమే. 2018 జనవరిలో తెలంగాణలో సేద్యానికి 24 గంటల కరెంటు వచ్చినప్పుడే, కరెంటు రాగానే మోటారును లేపే ఆటో స్టార్టర్లు తీసెయ్యమన్నారు. తీయలేదు. మొన్న బావిలో నీళ్లు పైపు అడుగునుండే ఫుట్‌వాల్వ్ కిందికి దిగినా, అర్ధరాత్రి కరెంటు పోయి రాగానే మోటారు తనంతట తానే లేచి, తెల్లారేదాకా ఉత్తగా తిరిగింది. కాగిపోయిన పంపులో గాబరాగా చన్నీళ్లు పోశాను. టప్పుమని పగిలావు.

చండూరుకు ఉరికి బేరింగు తెచ్చాను. జత మొత్తం మార్పించాను. ఆటో స్టార్టర్ పీకి కొట్టంలో పడేశాను. చీకటి పడింది. మోటారు కింద పాత పేపరు పరిచి, సెల్లు లైటు వేసి చూస్తున్నాను. ఇంకా పొడిగానే ఉంది. ఇంటికి పోవాలంటే భయంగా ఉంది.

ఇట్లు,
నీ బావి ఆసామి