క్రిమి తెలియకుండా మందులా?

నెల దాటినా దగ్గు తగ్గని బిడ్డను మూడో డాక్టర్ దగ్గరికి తీసుకెళితే చేతికొచ్చేది మరో యాంటీబయాటిక్ చీటీ. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పిల్లల ఓపీల ముందు కూర్చున్న తల్లుల సంచుల్లో ఎక్స్‌రేలు ఉంటాయి, రక్తకణాల లెక్క చెప్పే సీబీపీ రిపోర్టులు ఉంటాయి, సగం తాగించి వదిలేసిన సిరప్ సీసాలు ఉంటాయి. ఊపిరితిత్తుల్లో ఏ బ్యాక్టీరియా తిష్ఠ వేసిందో చెప్పే కల్చర్ రిపోర్టు మాత్రం చాలామంది దగ్గర కనిపించదు. మరి దేన్ని చూసి మందు రాస్తున్నట్టు?

నాలుగు వారాలు దాటిన కఫం దగ్గు మామూలు జలుబు కాదు. దీని వెనుక ఎక్కువగా ఉండేవి హీమోఫిలస్, న్యూమోకాకస్, మొరాక్సెల్లా అనే బ్యాక్టీరియాలు. సరిపడే మందు రెండు వారాలు పడితే చాలామంది పిల్లలు కోలుకుంటారు. నిర్లక్ష్యం చేస్తే శ్వాసనాళాలు శాశ్వతంగా పాడై బ్రాంకియెక్టాసిస్‌కు దారితీయొచ్చు. అక్కడ సూడోమోనాస్ అనే మొండి బ్యాక్టీరియా చేరిందంటే ఇంట్లో తాగించే అమాక్సిసిలిన్ లాంటి మామూలు యాంటీబయాటిక్ ఏమీ చేయలేదు. టీబీ అయితే వైద్యమే వేరు. బయటికి వినిపించేది మాత్రం అదే దగ్గు.

పసిపిల్లలు కళ్లె ఉమ్మలేరని, రిపోర్టు వచ్చేదాకా ఆగలేమని డాక్టర్లు అంటారు. నిజమే. ఆగమని ఎవరూ అనడం లేదు. ముందు కఫం నమూనా తీయండి, ఆ తర్వాతే మందు మొదలుపెట్టండి. గాఢమైన ఉప్పునీటిని నెబులైజర్‌తో ఆవిరిలా పీల్పించి, సక్షన్ గొట్టంతో కఫం తీయొచ్చు. టీబీ అనుమానమైతే మలం నమూనాతోనూ టీబీ క్రిమి జన్యువును పట్టే జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్ష చేయొచ్చు. టీబీ కాని మామూలు బ్యాక్టీరియా కల్చర్‌కు పట్టేది రెండు మూడు రోజులు. అంతకుముందే యాంటీబయాటిక్ పడితే క్రిమి ఉన్నా చాలాసార్లు ‘నో గ్రోత్’ (క్రిమి పెరగలేదు) అనే వస్తుంది. ఆ కాగితం చూసి మళ్లీ మందు మారుస్తారు, మళ్లీ అంచనా మీదే!

ఈ అంచనా వైద్యమే అలవాటైపోయింది. పెద్దాసుపత్రిలో ఇలా రాస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ అదే నేర్చుకుంటాడు, మందుల షాపు కుర్రాడూ అదే ఇస్తాడు. సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్‌లు ఎవరు రాశారో, ఎవరు కొన్నారో రిజిస్టర్‌లో ఎక్కించాలన్న షెడ్యూల్ హెచ్1 నిబంధన 2014 నుంచీ ఉంది. ఆ రిజిస్టర్లు తెరిచి చూసే అధికారి ఎక్కడ? ఇవాళ గుడ్డిగా వాడేసిన మందు రేపు ప్రాణం మీదికి వచ్చిన బిడ్డకు పనిచేయకపోతే ఎవరిది బాధ్యత?

కుప్పం, పలమనేరు తల్లిదండ్రులు ఒక పరీక్ష కోసం తమిళనాడులోని వేలూరు పెద్దాసుపత్రికి బస్సెక్కాల్సిన పనిలేదు. ఏరియా ఆసుపత్రిలో నమూనా తీసి, ఐస్ బాక్సులో అదే రోజు ల్యాబ్‌కు పంపి, రిపోర్టు డాక్టర్ ఫోన్‌కు చేర్చితే చాలు. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు. ఈ మాత్రం ఏర్పాటు చేయలేని వైద్య ఆరోగ్య శాఖ ఏటా నవంబరులో యాంటీబయాటిక్ అవగాహన వారోత్సవం పేరుతో బ్యానర్లు కట్టడం మానుకోవాలి.