నర్సు ఆరోగ్యాన్ని తేల్చేది డ్యూటీ చార్టే

ఇంటి పని కోసం ఉదయం 6 గంటలకే లేచి, అదే రోజు రాత్రి 8 గంటలకు నైట్ డ్యూటీ ఎక్కే నర్సు ఎన్ని గంటలు మేలుకుని ఉంటుందో లెక్క వేయండి. రాత్రి 11 అయ్యేసరికి 17 గంటలు. అంతసేపు నిద్ర లేని మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి పడిపోతుందని 1990ల చివర్లో ఆస్ట్రేలియాలో చేసిన ప్రయోగాల్లో తేలింది. మన చట్టం ప్రకారం 0.03 శాతం దాటితే బండి నడపకూడదు. తెల్లారి 8 గంటలకు తర్వాతి నర్సుకు డ్యూటీ అప్పగించేసరికి ఆమె మేలుకుని 26 గంటలవుతుంది. అప్పుడు స్కూటీ తీసుకుని ట్రాఫిక్‌లోకి వెళ్తుంది.

నర్సుల ఆరోగ్యం అనగానే యోగా చేయండి, ధ్యానం చేయండి, వేళకు తినండి అని చెప్పేవాళ్లు చాలామంది. వేళ తన చేతిలో లేని మనిషికి ఆ సలహా ఎంతవరకు పనికొస్తుంది? నర్సులకు వచ్చే జబ్బుల్లో చాలావాటికి మూలం ఎవరికి ఏ షిఫ్టు, ఎన్ని రాత్రులు, పక్కన ఎందరు అని రాసే కాగితంలోనే ఉంది.

మన ఆస్పత్రుల్లో చాలాచోట్ల ఉదయం 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి 8, రాత్రి 8 నుంచి మర్నాడు ఉదయం 8 వరకు డ్యూటీలు. అంటే అన్నిటికంటే పొడవైన షిఫ్టు, శరీరం అన్నిటికంటే నీరసపడే వేళకే పడుతోంది. తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య శరీర ఉష్ణోగ్రత బాగా తగ్గి, కళ్లు మూతలు పడతాయి. మోతాదు తప్పితే ప్రాణం మీదికొచ్చే ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్ లాంటి మందులను ఆ వేళలో ఒక్కరే చూసి ఎక్కించకూడదు, ఇద్దరు సరిచూడాలి. వార్డులో ఉన్నది ఒక్కరే అయితే సరిచూసే రెండోవారు ఎక్కడి నుంచి వస్తారు?

ఇంటికొచ్చాక పగటి నిద్ర నాలుగైదు గంటలకే తెగిపోతుంది. వెలుతురు, చప్పుడు, కాలింగ్ బెల్ ఒక కారణమైతే, పొద్దెక్కేకొద్దీ శరీరమే మేలుకునే స్థితికి మారడం మరో కారణం. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే ఏమవుతుందో అమెరికాలో 1976లో మొదలైన నర్సెస్ హెల్త్ స్టడీ చూపించింది. 30 ఏళ్లు, అంతకు మించి మారే రాత్రి షిఫ్టులు చేసిన నర్సుల్లో రొమ్ము క్యాన్సర్ ముప్పు సుమారు 36 శాతం ఎక్కువగా కనిపించింది. రాత్రి డ్యూటీలు చేసిన ఏళ్లు పెరిగేకొద్దీ మధుమేహం ముప్పూ పెరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనే ఇలాంటి షిఫ్టు పనిని ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే జాబితాలో చేర్చింది, 2019లో మళ్లీ పరిశీలించి రాత్రి షిఫ్టు పనిని అదే జాబితాలో ఉంచింది. నైట్ డ్యూటీ చేసిన ప్రతివారికీ క్యాన్సర్ వస్తుందని దీనర్థం కాదు. కానీ ఈ ముప్పు తెలిసీ వరుసగా ఏడెనిమిది రాత్రులు వేయడం సమర్థించుకోలేనిది.

షిఫ్టులు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే వరుసలో ముందుకే జరగాలి. రాత్రి దిగిన మర్నాడే ఉదయం డ్యూటీ వేయకూడదు. వరుస రాత్రులు మూడు దాటకుండా చూడాలి. వీటికి పైసా ఖర్చు లేదు. నర్సు తన వంతుగా చేసుకోగలిగినవీ కొన్ని ఉన్నాయి. మొదటి నైట్‌కు వెళ్లే ముందు మధ్యాహ్నం గంటన్నర పడుకోవాలి. భోజనం డ్యూటీకి ముందే ముగించి, అర్ధరాత్రి దాటాక కొద్దిగా మాత్రమే తినాలి. కాఫీ, టీ రాత్రి రెండు గంటలకల్లా ఆపేయాలి, ఎందుకంటే తాగిన కెఫీన్‌లో సగం అయిదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. ఉదయం బండి నడపకుండా బస్సులోనో ఆటోలోనో వెళ్లడం మేలు. అయితే ఆ మధ్యాహ్నం గంటన్నర దొరకాలంటే ఇంట్లో వంట, పిల్లల పని మరొకరు అందుకోవాలి. భర్తలు, అత్తమామలు ఈ మాట పట్టించుకోవాలి.

సూది గుచ్చుకోవడం సంగతికొస్తే, వాడిన సూదికి మళ్లీ క్యాప్ పెట్టేటప్పుడు, వాడిన సూదులు వేసే డబ్బా నిండిపోయినా అందులోకి సూదిని కుక్కేటప్పుడు, డ్యూటీ దిగే హడావిడిలో ఈ ప్రమాదం ఎక్కువ. డబ్బా ముప్పావు నిండగానే మార్చేయాలి. టీకా వేసుకోని వ్యక్తికి హెపటైటిస్ బి రోగి రక్తంతో ఉన్న సూది గుచ్చుకుంటే వ్యాధి సోకే అవకాశం 6 నుంచి 30 శాతం. హెచ్ఐవీకి అది 0.3 శాతం. గుచ్చుకున్న చోటును పిండకుండా, స్పిరిట్ పోయకుండా సబ్బు నీళ్లతో కడిగి, వెంటనే రిపోర్టు చేయాలి. హెచ్ఐవీ నివారణ మందులు రెండు గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బి టీకా 0, 1, 6 నెలల్లో మూడు డోసులు వేసుకున్నాక, ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్షలో లీటరుకు కనీసం 10 యూనిట్లు వచ్చిందో లేదో చూసుకోవాలి. ఈ చివరి పరీక్షను చాలామంది చేయించుకోరు.

నడుము నొప్పి సంగతి సూటి లెక్కే. రోగిని చేతులతో ఎత్తేటప్పుడు ఒక్కరి మీద సుమారు 16 కిలోలకు మించి భారం పడకూడదన్నది అమెరికా వృత్తి భద్రతా నిపుణులు పెట్టిన పరిమితి. 70 కిలోల రోగిని ఇద్దరు ఎత్తితే తలా 35 కిలోలు. రోగిని ఎత్తకుండా జరిపే జారే షీట్లు, ఎత్తు మార్చుకునే మంచాలు లేని వార్డులో ఎంత బాగా వంగినా నడుము దెబ్బతింటుంది. బాత్రూముకు వెళ్లే తీరిక ఉండదని నీళ్లు తగ్గించేవారికి మూత్రనాళ ఇన్ఫెక్షన్ల ముప్పు ఎక్కువ.

ఇవన్నీ చివరికి నర్సుల సంఖ్య దగ్గరికే వస్తాయి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బోధనాస్పత్రుల్లో ముగ్గురు రోగులకు, సాధారణ ఆస్పత్రుల్లో ఐదుగురికి ఒక నర్సు ఉండాలి. సెలవుల కోసం మరో 30 శాతం అదనంగా ఉండాలి. ఆ 30 శాతం లేనిచోట ఒకరి జ్వరం మరొకరికి డబుల్ డ్యూటీ అవుతుంది. జీతమూ ఆరోగ్య సమస్యే. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశంతో ఏర్పడిన కేంద్ర కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆస్పత్రిలోనైనా నెలకు రూ.20,000కు తగ్గకూడదని సిఫారసు చేసింది. అది కూడా అందని నర్సు అదనపు డ్యూటీలు తానే అడిగి వేయించుకుంటుంది.

బయోమెడికల్ వ్యర్థాల (వాడిన సూదులు, రక్తం అంటిన దూది లాంటివి) నిబంధనలు 2016 ప్రకారం, ఆ వ్యర్థాలను ముట్టుకునే సిబ్బందికి హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించడం, ఏడాదికోసారి ఆరోగ్య పరీక్ష చేయించడం ఆస్పత్రి బాధ్యత. తనిఖీకి వచ్చే అధికారులు ఆ పరీక్షల రికార్డుతో పాటు గత మూడు నెలల డ్యూటీ చార్టు, సూది గుచ్చుకున్న ఘటనల రిజిస్టరు అడిగి చూడాలి. వందల పడకల ఆస్పత్రిలో ఏడాది మొత్తానికీ ఆ రిజిస్టరు ఖాళీగా కనిపిస్తే, అక్కడ నర్సులు చెప్పుకోవడానికి ఎందుకు భయపడుతున్నారో విచారించాలి.