రెండో ఎంఆర్ డోసు వేసే రోజే బిడ్డ మాటనూ గమనించాలి

‘అమ్మ’, ‘తాత’ అంటూ ఉన్న బిడ్డ టీకా వేయించిన నెలకు ఆ రెండు మాటలూ మానేశాడని చెప్పే తల్లి అబద్ధం చెప్పడం లేదు. ఆమె చూసింది నిజం. టీకాతో ఆటిజం (మాట, నలుగురితో కలివిడి మామూలుగా ఎదగని స్థితి) వస్తుందని ఊళ్లో భయం, కానీ దానికి కారణం సూది కాదన్నదీ అంతే నిజం. ఈ రెండూ కలిపి చెప్పగలిగితేనే ఆదోని, కోసిగి వైపు పల్లెల్లో ఆమెకు జవాబు దొరుకుతుంది. ‘వదంతులు నమ్మొద్దు’ అని మైకులో చెప్పి వెళ్లిపోతే భయం అలాగే ఉండిపోతుంది.

అసలు చిక్కు వయసుతో వచ్చింది. ప్రభుత్వ టీకాల పట్టికలో తట్టు, రుబెల్లాకు వేసే ఎంఆర్ మొదటి డోసు 9–12 నెలల మధ్య, రెండోది 16–24 నెలల మధ్య. డీపీటీ బూస్టర్, పోలియో చుక్కలు కూడా రెండో డోసు వయసులోనే. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరు, సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా, వచ్చిన మాటలు పోగొట్టుకునేదీ ఎక్కువగా రెండేళ్లు నిండే లోపే. ఊళ్లో ఒక్క బిడ్డకూ టీకా వేయకపోయినా వాళ్లకు ఆ మార్పు ఆ వయసులోనే వస్తుంది. అందరికీ వేస్తే, దాదాపు ప్రతి ఒక్కరికీ అంతకు ముందు ఒక సూది పడే ఉంటుంది.

మరి రెండింటినీ విడదీసి చూసేదెలా? వేయించుకున్న పిల్లల్నీ వేయించుకోని పిల్లల్నీ పక్కపక్కన పెట్టి ఏళ్ల తరబడి గమనించాలి. డెన్మార్క్‌లో ఆ పనే చేశారు. 1999–2010 మధ్య పుట్టిన 6,57,461 మంది వివరాలతో 2019లో వచ్చిన అధ్యయనంలో, ఎంఎంఆర్ (తట్టు, రుబెల్లాతో పాటు గవదబిళ్లలకూ కలిపి వేసే టీకా) వేయించుకున్న వాళ్లలో ఆటిజం ఎక్కువగా కనిపించలేదు. అన్నకో అక్కకో ఆటిజం ఉన్న పిల్లల్లోనూ అంతే. జపాన్ 1993లో వేరే కారణంతో, గవదబిళ్లల భాగం వల్ల వస్తున్న మెదడు పొరల వాపుతో, ఎంఎంఆర్‌ను ఆపేసింది. యోకొహామాలో లెక్క తీస్తే ఆ తర్వాత పుట్టిన పిల్లల్లో ఆటిజం తగ్గలేదు, పెరిగింది.

పాదరసం మాట కూడా తరచూ వినిపిస్తుంది. పాదరసం ఉన్న థయోమెర్సాల్ అనే, సూక్ష్మజీవులు పెరగకుండా ఆపే మందు పెంటావాలెంట్ (అయిదు జబ్బులకు కలిపి వేసే టీకా) వంటి కొన్ని బహుళ డోసుల సీసాల్లో ఉంటుంది. ఎంఆర్‌లో ఉండేది బతికున్న, బలం తగ్గించిన వైరస్ కాబట్టి అందులో అది వేయరు. అమెరికా 2001 నాటికి చిన్న పిల్లల టీకాల్లోంచి దాన్ని దాదాపుగా తీసేసింది. అక్కడా ఆటిజం సంఖ్యలు పెరుగుతూనే వచ్చాయి.

ఈ భయానికి మొదలు 1998లో బ్రిటన్‌లో డాక్టర్ ఆండ్రూ వేక్‌ఫీల్డ్ బృందం వైద్య పత్రిక లాన్సెట్‌లో అచ్చువేసిన వ్యాసం. అందులో ఉన్నది 12 మంది పిల్లలు. టీకా కంపెనీలపై కేసు నడుపుతున్న లాయర్ల వైపు నుంచి ఆయన డబ్బు తీసుకున్నట్లు పాత్రికేయుడు బ్రయాన్ డీర్ బయటపెట్టాడు. లాన్సెట్ 2010లో వ్యాసాన్ని ఉపసంహరించుకుంది, అదే ఏడాది ఆయన వైద్య రిజిస్ట్రేషన్ పోయింది. అయినా 2025 నవంబరులో అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ తన వెబ్‌సైటులో టీకాలకూ ఆటిజానికీ సంబంధం లేదన్న మాటను తిరగరాసింది. దాని వెనక కొత్త పరిశోధన ఏదీ లేదు. ఆరోగ్య మంత్రి రాబర్ట్ కెనెడీ జూనియర్ ఏళ్లుగా అంటున్న మాటే ప్రభుత్వ పేజీకెక్కింది. అది మన వాట్సాప్ గ్రూపులకు చేరకుండా ఉండదు.

టీకాలో ప్రమాదమే లేదని చెప్పడమూ తప్పే. ఎంఆర్ పొడి రూపంలో వస్తుంది, దానితో వచ్చిన ద్రావకంతోనే కలపాలి. కలిపిన సమయం సీసా మీద రాసి, 4 గంటలు దాటితే పారేయాలి. అందులో సూక్ష్మజీవులు పెరగకుండా ఆపే మందు లేదు. ఆలస్యమైన సీసాలో స్టాఫ్ బ్యాక్టీరియా పెరిగితే వాంతులు, విరేచనాలు, తీవ్ర జ్వరంతో బిడ్డ ప్రాణం మీదికొస్తుంది. మే నెల ఎండలో అనంతపురం పల్లెల్లో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. కలపక ముందు సీసా మీది వీవీఎం గుర్తు (టీకాకు వేడి తగిలితే రంగు మారేది) చూపించమని తల్లి అడగొచ్చు. లోపలి చదరం చుట్టూ ఉన్న వలయం కన్నా లేత రంగులో ఉంటేనే వాడాలి. ఎంఆర్ జ్వరం మర్నాడు రాదు, 7–12 రోజులకు వస్తుంది. ఈ మాట ముందే చెప్పని చోటే ‘సూది వికటించింది’ అన్న పుకారు పుడుతుంది.

ఇక్కడ రెండో డోసు తప్పడానికి భయం ఒక్కటే కారణం కాదు. కర్నూలు పడమటి మండలాల నుంచి గుంటూరు మిరప కోతలకు కుటుంబాలు కుటుంబాలే వలస పోతాయి. వాళ్లకు చెప్పాల్సింది చాలా చిన్న విషయం: కార్డు వెంట ఉంచుకోండి, ఏ ఊరి ఆరోగ్య కేంద్రంలోనైనా వేస్తారు, 16–24 నెలలు దాటిపోయినా అయిదేళ్లు నిండేలోపు ఎంఆర్ వేయించొచ్చు. తట్టు గాలిలో పాకుతుంది, ఊళ్లో 95 శాతం మందికి రెండు డోసులూ పడితేనే ఆగుతుంది.

మా వాదన ఒక్కటే. ఆటిజం భయం పుట్టే రోజునే ఆటిజం పరీక్షకు వాడుకోవాలి. బుధ, శనివారాల్లో సూది వేశాక తల్లీబిడ్డల్ని ఎలాగూ అరగంట కూర్చోబెడతారు. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడా? కావాల్సింది వేలు పెట్టి చూపిస్తాడా? మీరు చూపిన వైపు చూస్తాడా? తన బొమ్మ తెచ్చి మీకు చూపిస్తాడా? వచ్చిన మాట ఏదైనా పోయిందా? ఏఎన్ఎం ఈ అయిదు ప్రశ్నలు అడిగి, అనుమానం ఉంటే ‘వాళ్ల నాన్నకూ లేటుగానే వచ్చాయి’ అన్న ఓదార్పుతో సరిపెట్టకుండా కార్డు మీద రాయాలి. ముందు వినికిడి పరీక్ష, ఆపై ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ కార్యక్రమం) కింద జిల్లా స్థాయి డీఈఐసీకి (ఎదుగుదల లోపాలను త్వరగా గుర్తించి సాయం చేసే కేంద్రం) పంపాలి. ఆ అరగంటలో దీనికి పట్టేది అయిదు నిమిషాలు.