వాళ్ళు దాచేది గ్రహాంతరవాసుల్ని కాదు

బెంగళూరు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఆకాశంలో వరసగా వెలుగులు పోతున్న వీడియో పడిందంటే చాలు, రెండు జట్లు తయారవుతాయి. ఒక జట్టు ఏలియన్స్ అంటుంది. ఇంకో జట్టు "మిలిటరీ పని, మనకు చెప్పరు" అంటుంది. అవి ఇంటర్నెట్ కోసం పైకి పంపిన స్టార్‌లింక్ ఉపగ్రహాలని చెబితే ఎవరూ వినిపించుకోరు. మొదటి జట్టుతో నాకు పెద్ద పేచీ లేదు. రెండో జట్టు మాటే నన్ను వదలదు. అందులో సగం నిజం ఉంది, ఆ సగాన్ని సైన్యాలే చేతులారా తయారు చేశాయి.

1947 జులై 8న అమెరికాలోని రోజ్‌వెల్ వైమానిక స్థావరం తమకు "ఎగిరే పళ్ళెం" దొరికిందని పత్రికలకు చెప్పింది. వెంటనే మాట మార్చి అది వాతావరణ బెలూన్ అన్నారు. సోవియట్ అణు పరీక్షలను పసిగట్టడానికి రహస్యంగా పైకి పంపిన బెలూన్ల శకలాలవి అని అక్కడి వాయుసేన 1994లో గానీ చెప్పలేదు. అన్నేళ్ళు నిజం దాస్తే ఆ ఖాళీని జనం అంతరిక్ష నౌకలతో, శవాల కథలతో నింపుకున్నారు. తప్పు ఒక్క జనానిదేనా?

యూ-2 కథ ఇంకా బాధ కలిగిస్తుంది. అది అమెరికా గూఢచార సంస్థ సీఐఏ నిఘా విమానం, దాని పరీక్షలు 1955లో మొదలయ్యాయి. ప్రయాణికుల విమానాలు అప్పట్లో 10 నుంచి 20 వేల అడుగుల ఎత్తున తిరిగేవి, యూ-2 ఏమో 60 వేలు దాటేది. పొద్దు గుంకే వేళ కింద ఉన్న పైలట్‌కు చీకటి పడుతుంటే, పైనున్న విమానానికి ఇంకా ఎండ తగులుతూ ఉంటుంది. ఆ వెండి రెక్కల మీద వెలుగు పడి నిప్పుముద్దలా మెరిసేది. అంత ఎత్తున విమానం ఎగరగలదని ఆ పైలట్లు ఊహించను కూడా లేదు. వాళ్ళ ఫిర్యాదులు అమెరికా వాయుసేనలో ఇలాంటి వింత వెలుగుల సంగతి తేల్చే బ్లూ బుక్ విభాగానికి చేరేవి. అక్కడివాళ్ళు యూ-2 తిరిగిన వేళలతో సరిచూసుకునేవారు. రెండూ కలిసినా నిజం చెప్పే వీల్లేదు కాబట్టి మంచు స్ఫటికాలనో, గాలి పొరల వేడిలో తేడా అనో చెప్పి పంపేవారు.

అంటే సైన్స్ పేరు పెట్టి అబద్ధం చెప్పారు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. ఒకసారి అలా చెప్పాక, ఇంకోసారి నిజంగానే గాలి పొరల వల్ల కనిపించిన వెలుగును ఎవరు నమ్ముతారు? ఆ రోజుల యూఎఫ్ఓ (ఏమిటో తెలియని ఎగిరే వస్తువు) కబుర్లలో సగానికి పైగా తమ విమానాలవేనని సీఐఏ తర్వాత రాసుకుంది. ఆ లెక్క కాస్త పెంచి చెప్పిందేనని నా అనుమానం. 1969లో బ్లూ బుక్ మూసేసేనాటికి 12,618 కేసులు చేరాయి, 701కి జవాబు దొరకలేదు. జవాబు దొరకలేదు అంటే పై లోకం నుంచి వచ్చాయని కాదు. చాలా కేసుల్లో తేల్చడానికి సరిపడా సమాచారమే ఉండదు.

2024 మార్చిలో అమెరికా రక్షణ శాఖ పెంటగాన్ తన నివేదికలో గ్రహాంతర యంత్రాలు దాచిన ఆధారమేదీ లేదంది. నేను దాన్ని నమ్ముతాను. అంతకు ముందు ఏడాది అమెరికా కాంగ్రెస్ ముందు అక్కడి మాజీ నిఘా అధికారి డేవిడ్ గ్రష్ ప్రమాణం చేసి చెప్పినవన్నీ ఇతరుల నుంచి విన్నవే, ఒక్క ముక్క లోహమైనా బయటికి రాలేదు. అయినా నివేదికను నమ్మనివాళ్ళను నేను వెక్కిరించను. వాళ్ళ తాతల కాలం నుంచీ మోసపోయినవాళ్ళు వాళ్ళు.

అలాగని సైన్యానికి అంతా తెలుసు అనుకోవడమూ తప్పే. 2012లో లదాఖ్ సరిహద్దులో మన సైనికులు వింత వెలుగులను నెలల తరబడి నమోదు చేశారు, చైనా డ్రోన్లు అనుకున్నారు. చివరికి తేల్చింది మన బెంగళూరు వాళ్ళే. కోరమంగళలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ శాస్త్రవేత్తలు పరిశీలించి, అవి గురు, శుక్ర గ్రహాలని చెప్పారు. ఎత్తైన చోట గాలి పలచగా, శుభ్రంగా ఉండి గ్రహాలు మరీ ప్రకాశంగా కనిపిస్తాయి. నాకు ఆ సైనికుల మీద చిన్నచూపు లేదు. చలిలో, శత్రువు ఎదురుగా ఉన్నప్పుడు ఏ వెలుగైనా టెన్షన్ పెడుతుంది. తెలియనిదాన్ని తెలిసినవాళ్ళ దగ్గరకు తీసుకెళ్ళారు, అది గొప్ప విషయం.

2020 మే 20న మధ్యాహ్నం బెంగళూరు మొత్తం ఉలిక్కిపడేలా పెద్ద శబ్దం వచ్చింది గుర్తుందా? భూకంపం అన్నారు, ఏలియన్స్ అన్నారు. వాయుసేన టెస్ట్ విమానం సూపర్‌సోనిక్ (ధ్వనిని మించిన) వేగం నుంచి తగ్గేటప్పుడు, 36 నుంచి 40 వేల అడుగుల మధ్య ఉండగా, ఆ శబ్దం వచ్చి ఉంటుందని రక్షణ శాఖ అదే రోజు చెప్పింది. ఏ పరీక్ష, ఏ పరికరం అని చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. "మాదే" అన్నారు, ఊరు సర్దుకుంది. దేశ భద్రతకు ఏం నష్టం జరిగింది?

2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్లలో పొలంలో దిగిన పెద్ద గుండ్రటి వస్తువును చూడ్డానికి ఊళ్ళకు ఊళ్ళు కదిలాయి. అది హైదరాబాద్ నుంచి బెలూన్‌తో ఎగరేసిన టెస్ట్ క్యాప్సూల్. ఆ దారిలో ఉన్న ఊళ్ళన్నిటికీ ముందే ఒక మాట చెప్పడం అంత కష్టమా?

రహస్యం వద్దని నేను అనడం లేదు. పక్కన చైనా, పాకిస్తాన్ ఉన్న దేశం మనది. యంత్రం వివరాలు దాచుకోండి, ఎగిరింది మీదేనన్న సంగతి మాత్రం దాచకండి. హెచ్ఏఎల్, డీఆర్‌డీఓ, ఇస్రో, ఆస్ట్రోఫిజిక్స్ సంస్థ అన్నీ ఉన్న ఈ బెంగళూరులో పనిచేసే మన తెలుగువాళ్ళే వేలల్లో ఉంటారు. అడిగితే చెప్పగల మనుషులు లేక కాదు, అడిగే అలవాటు లేక.

కాబట్టి నేను అడుగుతున్నాను. 2023 నవంబర్ 19న ఇంఫాల్ విమానాశ్రయం దగ్గర ఏదో ఎగురుతోందని విమానాలు ఆపేశారు, రాఫెల్ విమానాలు వెతికాయని వార్తలొచ్చాయి. ఆ చిన్న వస్తువు తర్వాత కనిపించలేదని వాయుసేన ఒక ముక్క రాసింది. అది ఏమిటి? మనదైతే మనదని చెప్పండి. శత్రువుదైతే శత్రువుదని చెప్పండి. తేలకపోతే తేలలేదనే రాయండి, సంతకం పెట్టి, తేదీ వేసి.