ఎక్కువ ధరకు పని ఇచ్చారంటే ముందు చూడాల్సింది ధర కాదు

"మేం 18 పర్సెంట్ లెస్ వేశాం, 4 పర్సెంట్ లెస్ వేసినవాడికి పని ఇచ్చేశారు." లెస్ అంటే సర్కారు అంచనా విలువ కంటే అంత తక్కువకు చేస్తామని. కాంట్రాక్టర్ల నుంచి ఇలాంటి పోస్టు ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. ఆ కోపం న్యాయమైనదే, పోయేది జనం సొమ్మే. కానీ ఆ ఒక్క ముక్క పట్టుకుని హైకోర్టుకు వెళితే నిలబడదు. ధర తేడా ఒక్కటే కేసు కాదు. మిమ్మల్ని ఏ కారణం చూపి తోసేశారు, ఆ కారణం టెండర్ డాక్యుమెంట్‌లో రాసి ఉందా, అదే కొలబద్ద పని దక్కినవాడికీ పెట్టారా అన్నదే కేసు.

ముందు ఏ మెట్టు దగ్గర పోయిందో చూసుకోండి. రెండు కవర్ల టెండర్‌లో టెక్నికల్ బిడ్ (అర్హత పత్రాల కవర్) పోతే ప్రైస్ బిడ్ (ధర కవర్) అసలు తెరవరు. తెరవని ధరకు విలువ లేదు, "మాదే తక్కువ" అని మీరు చెప్పుకోవడమే తప్ప రికార్డులో ఎక్కడా ఉండదు. అలాంటప్పుడు కొట్లాట అంతా డిస్‌క్వాలిఫికేషన్ మీదే ఉండాలి. ప్రైస్ బిడ్లు తెరిచి, మీరు ఎల్1, అంటే అందరికన్నా తక్కువ ధర వేసినవారు అని తేలాక పక్కనపెట్టి ఎల్2కి, అంటే మీ తర్వాతివాడికి ఇస్తే మాత్రం సంగతి వేరు. అప్పుడు ఆ నిర్ణయానికి ఫైల్లో రాతపూర్వకంగా గట్టి కారణం ఉండి తీరాలి.

ఎక్కువ ధరకు చట్టబద్ధంగానే ఇచ్చే సందర్భమూ ఉంది. నాణ్యతకు మార్కులు, ధరకు మార్కులు కలిపి చూసే పద్ధతిని కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో కొన్ని రకాల పనులకు కూడా అనుమతించింది. అయితే అక్కడ ధరేతర అంశాలకు 30 శాతం మించి వెయిటేజీ ఇవ్వకూడదు. మార్కుల పట్టిక టెండర్‌లోనే ముందుగా ప్రకటించి ఉండాలి. అది లేకుండా "వాళ్ల క్వాలిటీ బాగుంది" అంటే కుదరదు.

చిన్న పరిశ్రమలకు ప్రాధాన్యం కాబట్టి ఎక్కువ రేటుకు ఇచ్చామని కేంద్ర సంస్థల సరఫరా టెండర్లలో చెబితే నమ్మేయకండి. 2012 నాటి ఎంఎస్ఈ (సూక్ష్మ, చిన్న సంస్థల) కొనుగోలు విధానం ప్రకారం ఎల్1 మీద 15 శాతం లోపు కోట్ చేసిన చిన్న సంస్థకు అవకాశం ఇవ్వొచ్చు. కానీ అది ఎల్1 ధరకు దిగిరావాలి. దిగకుండా సొంత రేటుకే ఆర్డర్ ఇస్తే అది ఆ విధానానికే విరుద్ధం.

మన ఇంజనీరింగ్ శాఖల టెండర్లలో ఎక్కువ గొడవ వచ్చే చోటు బిడ్ కెపాసిటీ, అంటే కాంట్రాక్టర్ ఇంకా ఎంత పని మోయగలడన్న లెక్క. సూత్రం 2ఏఎన్ మైనస్ బి. ఏ అంటే గత ఐదేళ్లలో ఏదో ఒక సంవత్సరంలో చేసిన సివిల్ పనుల గరిష్ఠ విలువ, ఇప్పటి ధరలకు సవరించింది. ఎన్ అంటే ఈ పనికి ఇచ్చిన గడువు, సంవత్సరాల్లో. బి అంటే ఆ గడువులో పూర్తి చేయాల్సిన, చేతిలో ఉన్న పనుల విలువ. ఒక లెక్క చూడండి. ఏ 4 కోట్లు, గడువు 9 నెలలు, అంటే ఎన్ 0.75. రెండింతలు చేస్తే 6 కోట్లు. చేతిలో ఉన్న పనుల్లో ఇంకా మిగిలింది 2.5 కోట్లయితే కెపాసిటీ 3.5 కోట్లు, 3.3 కోట్ల టెండర్‌కు సరిపోతుంది. అదే పనులకు మిగిలిన విలువ కాకుండా మొత్తం అగ్రిమెంట్ విలువ 3.6 కోట్లు వేసేశారనుకోండి, కెపాసిటీ 2.4 కోట్లకు పడిపోతుంది, మీరు బయట. పోర్టల్‌లో కనిపించేది మాత్రం "నాట్ క్వాలిఫైడ్" అన్న రెండు మాటలే. తప్పు ఈ కూడిక తీసివేతల్లో ఉండొచ్చు. లేదా పనుల పురోగతి సర్టిఫికెట్ మీరే అప్‌లోడ్ చేయకపోయి ఉండొచ్చు. ఏదో తేలకుండా కోర్టు మెట్లెక్కితే డబ్బు దండగ.

అందుకని ఫలితం కనబడ్డ రోజే ఇవాల్యుయేషన్ షీట్ (బిడ్ల మదింపు పట్టిక), గెలిచినవాడి డాక్యుమెంట్లు పోర్టల్ ఎంతవరకు చూపిస్తే అంతవరకు దింపుకోండి. ఆ రోజే టెండర్ పిలిచిన అధికారికి ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు రెండింటిలోనూ లేఖ పంపండి: ఏ క్లాజు కింద తిరస్కరించారు, లెక్క ఎలా వేశారు, తేలేదాకా అగ్రిమెంట్ చేసుకోవద్దు. కేంద్ర శాఖల టెండరైతే 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లోని 173వ నిబంధనను ప్రస్తావించండి. బిడ్డర్ అడిగితే తిరస్కరణ కారణం చెప్పాలని అందులో ఉంది. ఆర్‌టీఐ కూడా పెట్టండి కానీ దాని మీదే కూర్చోకండి. జవాబుకు 30 రోజుల గడువు. ఆలోపు అగ్రిమెంట్ అయిపోయి, సైట్ అప్పగించి, జేసీబీ దిగిపోతుంది. పని మొదలయ్యాక ఆపమంటే కోర్టు వెనకాడుతుంది.

ఎంత వెనకాడుతుందో తెలుసుకునే వెళ్లండి. 2006లో జగదీశ్ మండల్ కేసులో సుప్రీంకోర్టు రెండు ప్రశ్నలు పెట్టింది: నిర్ణయంలో దురుద్దేశమో, ఏ బాధ్యతగల అధికారీ తీసుకోనంత అసంబద్ధతో ఉందా? ప్రజాప్రయోజనం దెబ్బతిందా? వీటికి జవాబు లేదనే వస్తే జోక్యం వద్దంది. 2022లో ఎన్.జి. ప్రాజెక్ట్స్ కేసులో ఇంకా ముందుకెళ్లి, స్టేలు ఇవ్వడం కంటే నష్టపరిహారం వైపు చూడమని హైకోర్టులకు చెప్పింది. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత మౌలిక సదుపాయాల ప్రాజెక్టు ఆలస్యమయ్యేలా ఇంజంక్షన్ (పని ఆపే ఉత్తర్వు) ఇవ్వడానికి సివిల్ కోర్టుకు వీల్లేదు. ఇక మిగిలేది రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్.

ఆ రిట్‌లో పని దక్కినవాణ్ణి ప్రతివాదిగా చేర్చడం మరిచిపోవద్దు, ఆ ఒక్క లోపంతోనే పిటిషన్ పోవచ్చు. "పని నాకివ్వండి" అని అడగొద్దు. తిరస్కరణ రద్దు చేసి, డాక్యుమెంట్ ప్రకారం మళ్లీ మదింపు చేసి, నా ప్రైస్ బిడ్ తెరవమని అడగండి. మీ అర్హత గురించి ఒక పేరా చాలు. గెలిచినవాడికి ఏ నిబంధన సడలించారో, అదే నిబంధన మీకెలా బిగించారో పక్కపక్కన పెట్టి చూపించండి. ప్రకటించిన ప్రమాణాన్ని ప్రభుత్వమే తప్పకూడదని 1979లో రమణ దయారాం శెట్టి కేసు నుంచీ ఉన్న సూత్రం. మీకున్న గట్టి ఆయుధం అదే.

అసలు ఇంత దూరం రావాల్సిన పనే లేదన్నది నా బాధ. తమిళనాడు 1998లోనే టెండర్ల పారదర్శకత చట్టం చేసి, నష్టపోయిన బిడ్డర్‌కు 10 రోజుల్లో అప్పీలు చేసుకునే హక్కు రాసింది. కర్ణాటక 1999 చట్టంలో 30 రోజులు ఇచ్చింది. మన దగ్గర టెండర్లు ఇప్పటికీ 2003 నాటి 94వ జీవో లాంటి ఉత్తర్వుల మీదే నడుస్తున్నాయి. ఒక చిన్న క్లాస్ కాంట్రాక్టర్ 40 లక్షల పని కోసం హైకోర్టుకు ఎక్కడ తిరుగుతాడు? లాయర్ ఫీజు లెక్కేసుకుని నోరు మూసుకుంటాడు. రింగ్ కట్టేవాళ్లకు, అంటే లోపాయికారీగా కుమ్మక్కై పనులు పంచుకునేవాళ్లకు కావాల్సింది అదే.

కోరేది పెద్దదేం కాదు. టెక్నికల్ ఫలితంతో పాటే క్లాజు నంబరు, వేసిన లెక్క పోర్టల్‌లో పెట్టాలి. ప్రైస్ బిడ్ తెరవడానికి ముందు 10 రోజులు ఆగి, అభ్యంతరానికి ఆ టెండర్‌తో సంబంధం లేని అధికారి చేత రాతపూర్వకంగా జవాబు ఇప్పించాలి.