గాలి కబుర్లు, నీటి మూటలు

కృష్ణా జలాల పంపకానికి 2004లో వేసిన ట్రిబ్యునల్ ఇంకా విచారణ సాగిస్తూనే ఉంది. దాన్ని తొందరపెట్టే ఉద్దేశం నాకు లేదు. టీఎంసీల సంగతి నిదానంగా తేలినా ఫరవాలేదు. కంప్యూటర్ కేబినెట్‌లో రెండు రబ్బరు గొట్టాల మధ్య తిరిగే నాలుగు గుక్కల నీళ్ల సంగతి మాత్రం అలా వదిలేయడానికి వీల్లేదు. ప్రాసెసర్‌ను గాలితో చల్లార్చాలా, నీటితో చల్లార్చాలా అన్న వివాదంలో ఒకే హాస్టల్ గదిలో ఉన్నవాళ్లు మాటలు మానేశారు. పల్నాటి యుద్ధం కోడిపందెంతో రాజుకుందని చదివి నవ్వుకున్న తరమే ఇవాళ హీట్ సింకు, అంటే చిప్పు వేడిని లాగే లోహపు దిమ్మ, ఎత్తు మీద కత్తులు నూరుతోంది. ఇంతటి జాతీయ సమస్యపై అఖిలపక్షం ఎందుకు పిలవలేదో ప్రభుత్వమే చెప్పాలి. ఈలోగా నేను ఇరుపక్షాల వాదనలూ వినదలిచాను.

ముందుగా గాలివాదులు. వీరి సిద్ధాంతం సులువు. కదిలే వస్తువు ఫ్యాన్ ఒక్కటే; అది చెడితే మరొకటి బిగించుకోవచ్చు. మిగిలినదంతా లోహం, లోహానికి ముసలితనం లేదు. వీరి ఇలవేలుపు ఆస్ట్రియాకు చెందిన నాక్టువా కంపెనీ 2014లో తెచ్చిన ఎన్‌హెచ్-డీ15 అనే గాలి కూలర్. రెండు ఫ్యాన్లతో కలిపి కిలో 320 గ్రాముల బరువు, 165 మిల్లీమీటర్ల ఎత్తు, ఫ్యాన్లకు పాలు ఎక్కువైన కాఫీ రంగు. నిలువుగా నిలబెట్టిన మదర్‌బోర్డుకు అంత బరువు వేలాడదీసి, ఆ రాత్రి హాయిగా నిద్రపోగలిగినవాడే నికార్సైన గాలివాది. అది బిగించాక ర్యామ్ ఎక్కడుందో కనబడదు. కేబినెట్ తలుపు పడుతుందో లేదో ముందే టేపు పెట్టి కొలుచుకోవాలి. ఇవన్నీ ఎత్తిచూపితే వారు నొచ్చుకోరు. "పంపు లేదు కదా" అంటారు. అడిగినా అంటారు, అడగకపోయినా అంటారు.

నీటివాదులది ఘనమైన వంశం. 1985 నాటి క్రే-2 సూపర్ కంప్యూటర్‌లో సర్క్యూట్లు ఫ్లోరినర్ట్ అనే ద్రవంలో నిలువునా మునిగి ఉండేవి. అది కరెంటు పారని ద్రవం కనుక మునిగినా బతికాయి. 2004లో ఆపిల్ తన పవర్ మ్యాక్ జీ5లో అన్నిటికంటే వేగవంతమైన రకానికి ద్రవంతో చల్లార్చే ఏర్పాటు చేసింది. కొన్నేళ్లకు వాటిలో కొన్ని లోలోపల కారి మదర్‌బోర్డులను తినేసిన మాటా నిజమే. వంశచరిత్రలు రాసేవారు అలాంటివి రాయరు.

వీరి యంత్రం పనిచేసే తీరు గంభీరంగా ఉంటుంది. చిప్పు వేడి ముందు రాగి పలకకు చేరుతుంది. పలకలోని వెంట్రుకవాసి గాడుల్లోంచి పారే ద్రవం ఆ వేడిని ఎత్తుకుంటుంది. పంపు ఆ ద్రవాన్ని గొట్టం గుండా రేడియేటర్‌కు, అంటే పల్చటి రేకుల చట్రానికి, నెడుతుంది. రేడియేటర్ రేకుల మధ్య నుంచి ఫ్యాన్లు గాలి కొట్టి ఆ వేడిని గదిలోకి వదులుతాయి. ముక్కు ఏదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపడం అంటే ఇదే. అయితే చెయ్యి తిప్పినంత మాత్రాన వృథా కాదు. 360 మిల్లీమీటర్ల రేడియేటర్‌కు గాలి సోకే వైశాల్యం ఎక్కువ. కేబినెట్ అంచున ఉంటుంది కనుక వేడిని నేరుగా బయటికి పంపుతుంది. నీరు వేడెక్కడానికి సమయం పడుతుంది కాబట్టి ప్రాసెసర్ ఉన్నట్టుండి విజృంభించినా ఫ్యాన్లు ఉలిక్కిపడి అరవవు. 253 వాట్ల దాకా మింగే ఇంటెల్ ఐ9-13900కే లాంటి చిప్పును గంటల తరబడి పూర్తి పనిలో పెడితే నీటిదే పైచేయి. ఈ మాట గాలివాదుల ముందు అనకండి.

అసలు ఆకర్షణ అది కాదు. ఇప్పటి నీటి కూలర్లలో కొన్నింటికి పంపు నెత్తిన గుండ్రటి తెర ఉంటుంది. అద్దాల కేబినెట్‌లోంచి చూస్తే నల్లని తెర మీద ప్రాసెసర్ వేడి చెప్పే తెల్లటి అంకె, 38. ఏడెనిమిది సెకన్లకోసారి 39 అవుతుంది, మళ్లీ 38. అంకె వద్దనుకుంటే ఆ స్థానంలో పిల్లి గంతులేస్తుంది. ఆ కంప్యూటర్ యజమాని ఆ సమయంలో కరెంటు బిల్లు కడుతున్నాడు. అతని ప్రాసెసర్ 65 వాట్లది, రైజెన్ 5 7600. ఆ ప్రాసెసర్ డబ్బాలోనే దాన్ని చేసిన ఏఎమ్‌డీ కంపెనీ ఒక చిన్న గాలి కూలర్ పెట్టి ఇచ్చింది. అది ఇంకా డబ్బాలోనే ఉంది. నేను కనుక్కున్నాను.

ఇక విచారణలో బయటపడిన ఘోరమైన నిజం. గాలి కూలర్‌లో వేడిని రేకులకు మోసే రాగి గొట్టాన్ని, అంటే హీట్ పైపును, అడ్డంగా కోసి చూడండి. గోడల లోపల రాగి పొడిని కాల్చి అతికించిన గరుకు పొర ఉంటుంది. ఆ పొరను తడిపేంత కొద్దిపాటి నీరు ఉంటుంది. లోపలి గాలిని పీల్చేసి మూసేస్తారు కనుక, ఆ తక్కువ ఒత్తిడిలో నీరు వంద డిగ్రీలకు ఎంతో ముందే మరిగిపోతుంది. చిప్పు వైపున ఆవిరై పైకి లేచి, రేకుల వైపు చల్లబడి మళ్లీ నీరై, ఆ గరుకు పొర వెంట పాకుతూ వెనక్కి వస్తుంది. అంటే గాలివాది ఇంట్లో ఇన్నేళ్లుగా గుట్టుచప్పుడు కాకుండా నీళ్లు కాగుతున్నాయి! అటు నీటివాది సంగతి చూస్తే, అతని రేడియేటర్‌కు మూడు ఫ్యాన్లు. అవి ఆగిపోతే ఎంత నీరు తిరిగినా కాసేపటికి అది వేడినీళ్లే. ఒకరు నీళ్లు దాచుకుని గాలి పేరు చెప్పుకుంటున్నారు. మరొకరు గాలి మీద బతుకుతూ నీటి పేరు చెప్పుకుంటున్నారు. ఇద్దరికీ ఈ సంగతి తెలుసునేమో అని నా అనుమానం.

ఇద్దరూ దాటలేని గీత మరొకటి ఉంది. ఈ రెండు రకాల్లో ఏ కూలరూ ప్రాసెసర్‌ను గది కంటే చల్లగా ఉంచలేదు. గదికీ చిప్పుకీ మధ్య ఉండే తేడాను తగ్గించడమే దాని పని. గది 22 డిగ్రీలున్నప్పుడు 72 దగ్గర నిలబెట్టే కూలర్, గది 42 అయితే ఇంచుమించు 92 దగ్గర నిలబెడుతుంది. ఐరోపాలో ఏసీ గదిలో ఎవరో కొలిచిన పట్టికను, రోహిణి కార్తెలో రెంటచింతల మేడ మీది గదిలో కూర్చుని నమ్మేవారికి గాలీ నీరూ చేయగల సాయం పరిమితం. పైగా కూలర్ ఎంత గొప్పదైతే ప్రాసెసర్ వేడిని అంత శ్రద్ధగా తెచ్చి ఆ గదిలోనే పోస్తుంది. 253 వాట్ల ప్రాసెసర్, 450 వాట్ల ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు కలిస్తే వెయ్యి వాట్ల హీటర్‌కు ముప్పావు వంతు దగ్గరికి వస్తాయి. మే నెలలో తలుపులేసుకుని హీటర్ పక్కన ఆటాడుతూ, పంపు మీది తెరలో అంకె చూసి చల్లగా ఉందని మురిసిపోవడం ఉన్నత స్థాయి సాధన.

2022లో వచ్చిన ఏఎమ్‌డీ రైజెన్ 7000 పెద్ద చిప్పులు ఈ సాధకులను మరో పరీక్షకు గురిచేశాయి. పూర్తి పనిలో 95 డిగ్రీల దాకా వెళ్లడం వాటి స్వభావమని కంపెనీయే ప్రకటించింది. పెద్ద కూలర్ పెడితే దిగిరావు; దొరికిన వెసులుబాటును ఇంకాస్త వేగంగా మార్చుకుని మళ్లీ 95కే చేరతాయి. అంకె తగ్గుతుందని వేలు పోసినవారి ముఖాలు చూడాల్సింది.

మూడో దారి లేకపోలేదు. బయోస్‌లోకి, అంటే కంప్యూటర్ మూల సెట్టింగుల్లోకి, వెళ్లి తక్కువ కరెంటుతో నడిపే ఎకో మోడ్ పెట్టుకుంటే 170 వాట్ల చిప్పు 105కో, 65కో ఒదిగిపోతుంది. ఆటల్లో తేడా కనిపెట్టడం కష్టం. బరువైన పనుల్లో కొంత వేగం తగ్గుతుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న పద్ధతి ఇది. దీనికి ఖర్చు లేదు, రంగుల దీపాలు లేవు, స్నేహితులను పిలిచి చూపించేందుకు ఏమీ లేదు. అందుచేత ఈ పక్షం తరఫున ఒక్కరూ హాజరు కాలేదు.

వాదనలు ముగిశాయి కనుక తీర్పు. 65 వాట్ల చిప్పులకు, ఆటల్లో వంద వాట్లు దాటడమే అరుదైన రైజెన్ 7 7800ఎక్స్3డీ లాంటి వాటికి గాలి చాలు. ఆరు హీట్ పైపుల జంట గోపురాల కూలర్ మధ్యతరగతి ధరలోనే దొరుకుతుంది, అంతకుమించి ఖర్చు పెట్టడం దానధర్మాల పద్దు. రోజంతా వీడియోలు రెండర్ చేసే 250 వాట్ల వారు 360 రేడియేటర్ పెట్టుకోవచ్చు. అయితే పంపు మొత్తం వలయానికి పైకొసన ఉండకూడదు, ఉంటే గాలి బుడగలన్నీ అందులో చేరి గలగలలాడతాయి. గొట్టాల గోడల్లోంచి కూడా ద్రవం ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా ఆవిరైపోతుంది కాబట్టి దాన్ని మనవలకు రాసివ్వాలనుకోవద్దు. గంతులేసే పిల్లి కోసమే కొనేవారిని నేను తప్పుపట్టను. వారు కారణం నిజాయితీగా చెప్పారు.

అప్పీలుకు వెళ్లదలిచినవారు ముందు కూలర్ ఊడదీసి, రాగి పలక మీది పల్చటి ప్లాస్టిక్ పొరను ఒలిచే బిగించారో లేదో చూసుకోవాలి. బిగించే ముందు తీసేయమని దాని మీదే ఇంగ్లీషులో పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది.