గర్భసంచి జారదు, నోరు మాత్రం లేస్తుంది

'ఆడపిల్లల్ని గ్రౌండ్‌కి పంపే తల్లిదండ్రులారా, ఒక్క నిమిషం!' అనే మెసేజ్ ఈ వారం నాకు నాలుగోసారి వచ్చింది. ఈసారి పంపింది మా పెదనాన్న. వెయిట్‌లిఫ్టింగ్‌లో కర్ణం మల్లీశ్వరికి ఒలింపిక్ పతకం వచ్చిన రోజు 'మన శ్రీకాకుళం పిల్ల' అంటూ వీధంతా లడ్డూలు పంచింది ఈయనే.

ఎండకు నల్లబడతారట. కలుపు తీతకి పంపేటప్పుడు ఈ ఎండ ఎటు పోతుందో మరి! నిక్కర్లు వేసుకుంటారట. చూడలేనివాళ్లు తల తిప్పుకోవచ్చు.

నాకు ఒళ్లు మండింది మూడో పాయింటుకి. పరిగెత్తినా, బరువులెత్తినా గర్భసంచి జారి పిల్లలు పుట్టరట. ఈ పుకారు వాట్సాప్ కంటే చాలా పాతది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి 800 మీటర్ల పరుగు పెట్టారు. అలిసి పడిపోయారని గోల చేసి, 1960 దాకా మళ్లీ పెట్టలేదు. మారథాన్ అయితే 1984లో గానీ రాలేదు. మరి మల్లీశ్వరి 2000లో సిడ్నీలో ఒక్క ఊపులో తలపైకి ఎత్తే స్నాచ్‌లో 110, ముందు భుజాల దాకా, ఆపై తలపైకి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తింది. మరుసటేడే కొడుకు పుట్టాడు. బాక్సర్ మేరీ కోమ్ 2007లో కవలల్ని కని, 2012లో లండన్‌లో కాంస్యం తెచ్చింది. నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె మోసిన మా నానమ్మ గర్భసంచి గురించి అప్పట్లో ఎవరూ బెంగపడలేదు, పెదనాన్నా! ఆవిడ ఆరుగురిని కన్నది, అందులో మీరొకరు. తిండి చాలకుండా ఆడితే నెలసరి తప్పొచ్చు, నిజమే. దానికి గుడ్డు, పాలు పెట్టాలి గానీ ఆట మాన్పిస్తారా? పెద్దమనిషి కాగానే ఇంట్లో కూర్చోబెట్టడానికి సాకు వెతికే వాళ్లకి ఈ ఒక్క ముక్క చాలు.

చివరిది: ఆటలాడే ఆడపిల్లలు ఎదురు మాట్లాడతారు. ఇది మాత్రం నిజం, ఒప్పుకుంటున్నా.

మా అక్క కూతురు రోజూ సాయంత్రం హైస్కూలు గ్రౌండ్‌లో కబడ్డీ ఆడుతుంది. మొదట్లో కూత పెట్టమంటే గొంతు పెగిలేది కాదు. ఆర్నెల్లు తిరిగేసరికి, పీఈటీ సార్ ఔటంటే, వేళ్లకి అంటిన సున్నం చూపించి 'గీత ముట్టుకున్నా సార్' అని వాదించి పాయింటు తెచ్చుకుంది. మొన్న భోజనాల దగ్గర, అన్న తిన్న కంచం నేనెందుకు కడగాలంది. పెదనాన్న నా వంక కోపంగా చూశారు. చివరికి వాడే కడుక్కున్నాడు. అంచున పప్పు అలాగే ఉందని మళ్లీ కడిగించింది.